అరిగిన మూలలు

గురువారం ఉదయం పాస్టరు గారు గుడ్డసంచీ తెచ్చి బల్ల మీద దించేసరికి, బైండరు చేతిలో సగం కుట్టిన రిజిస్టరూ, పళ్ళ మధ్య మైనం పట్టించిన దారమూ ఉన్నాయి. నోరు తెరిచే వీలు లేక కనుబొమలతోనే నమస్కారం పెట్టాడు.

"కదలకండి, కదలకండి," అన్నారు పాస్టరు గారు. ముప్పయ్యేళ్ళ మనిషి, ఆ సంఘానికి వచ్చి ఏడాదిన్నర. నెలకో కొత్త ఆలోచన పుట్టేది ఆయనకు. పుట్టిన ఆలోచన నడక నేర్చేలోగా దానికో తమ్ముడు పుట్టేవాడు. "సంచీలో నాలుగు బైబిళ్ళున్నాయి, అన్నగారూ. కుట్లు వేయడానికి కాదు. తీర్పు చెప్పడానికి."

బైండరు దారం తీసి సూదికి చుట్టాడు. "తీర్పేమిటి అయ్యగారూ?"

కొత్త ప్రార్థన మందిరంలో తలుపు పక్క గోడకు ఒక అద్దాల పెట్టె బిగించారు. సంఘంలో అందరికన్నా ఎక్కువగా చదివిన బైబిలును వచ్చే ఆదివారం అందులో ఉంచాలనీ, కింద దాని సొంతదారు ఎవరో రాయించాలనీ, ఆ మనిషికి పెద్దక్షరాల కొత్త ప్రతి బహుమతిగా ఇవ్వాలనీ పాస్టరు గారి సంకల్పం.

"పిల్లలు వస్తూ పోతూ చూడాలి. చదవడమంటే ఇదీ అనుకోవాలి. ఇంటింటికీ తిరిగి బాగా నలిగినవి నాలుగు పోగుచేశాను. నా కంటికి నాలుగూ ఒకటే. పుస్తకం కడుపులో మాట చెప్పగలిగింది మీరొక్కరే."

"చదివినవాళ్ళనే అడిగితే పోయేదిగా."

"అడిగాను. ఒకరిని మించి ఒకరు తక్కువ చదివామన్నారు. వినయంలోనూ పోటీయే!" పాస్టరు గారు నవ్వి, పుస్తకాలు ఒక్కొక్కటే పైకి తీశారు. మొదటిది రిటైరైన పంతులమ్మది. రెండోది మందుల షాపాయనది. మూడోది ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసిన ఆయమ్మది. నాలుగోది బైటికి రాకముందే బైండరు గుర్తుపట్టాడు. నల్ల అట్ట, ఉబ్బిన పొట్ట, గుండ్రంగా అరిగిన నాలుగు మూలలు. అది అతని తోడల్లుడిది.

తోడల్లుడు సిటీ బస్సు డ్రైవరు. బైండరు భార్యకు చెల్లెలి మొగుడు. ఒకే ఇంటి ఆడపిల్లలను చేసుకున్న ఇద్దరు మగాళ్ళను లోకం ఒకే తక్కెడలో కూర్చోబెట్టి తూచడం కొత్త సంగతి కాదు. అయితే ఇక్కడ తూచింది లోకం కాదు, బైండరే. పదకొండేళ్ళుగా, వారం వారం, ఎవరూ అడగకుండానే తూస్తున్నాడు.

పాస్టరు గారు లేవబోతూ, గూట్లో ఉన్న బైండరు సొంత బైబిలును చూశారు. "మీదీ కలిపితే అయిదయ్యేవి," అంటూ తీసి, బొటనవేలితో పుటలు జారవిడిచారు. "అబ్బ! ఎంత శుభ్రంగా ఉంచుకున్నారండీ! నిన్న కొన్నట్టుంది."

మెచ్చుకోలుగానే అన్నారు. ఆ పుస్తకం వయసు ముప్పై ఒక్క ఏళ్ళు.

బైండరు సూదికి చుట్టిన దారం మళ్ళీ విప్పాడు. చేతులు కడుక్కుని తుడుచుకోనిదే అతను ఏ పుస్తకాన్నీ ముట్టడు. పుటను పైమూల దగ్గర వేలికొసతో లేపుతాడే గాని వేలు తడిచేయడు. పుస్తకాన్ని ఎన్నడూ పూర్తిగా వెల్లకిలా తెరవడు. చిన్నతనంలో గురువు చేతి బెత్తం నేర్పిన మర్యాదలవి, మానుకుందామన్నా మానవు. ఆ పుస్తకాన్ని అతను చదివాడు. కానీ చదివినట్టు సాక్ష్యం చెప్పమంటే అది నోరు మెదపదు.

పాస్టరు గారు వీధి మలుపు తిరిగాక, లోపల కాగితాలు మడతపెడుతున్న భార్య వచ్చింది. పుస్తకాల వంక చూసింది. "మా చెల్లెలి మొగుడిది కూడా ఉందే!"

"ఉంది. దానికే వస్తుంది."

"చూడకుండానే?"

"చూడడానికేముంది? ఆదివారం చూడట్లేదూ?"

ఆదివారం సంగతి ఆమెకు తెలుసు. ఆరాధన చివర పాస్టరు గారు ఎవరో ఒకరిని ప్రార్థన చేయమంటారు. డ్రైవరు వంతు వస్తే కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ముందుకు చాచి మొదలుపెడతాడు. గొంతు వణుకుతుంది, చెంపలు తడుస్తాయి, ముందు వరుస ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటారు. బైండరు మటుకు ఒక కన్ను కొద్దిగా తెరిచి మణికట్టు మీది గడియారం చూస్తుంటాడు. ఇంటిదారిలో భార్య అడుగుతుంది: "ఇవాళ ఎన్ని?" "పద్నాలుగు నిమిషాలు," అంటాడు. ఒకసారి పద్దెనిమిది అయ్యాయి. ఆ మాట చెప్పి అతను ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

బైండరు వంతు వచ్చిన రోజు ప్రార్థన మూడు వాక్యాలు. "తండ్రీ, ఈ రోజు ఇచ్చావు. చేతిలో ఉన్న పని చెడకుండా చూడు. మావాళ్ళందరినీ ఇల్లు చేర్చు. ఆమేన్." అంతే. జనం ఇంకా మోకాళ్ళు సర్దుకుంటూనే ఉంటారు. సంఘంలో కుర్రకారు అతనికి పెట్టిన పేరు 'మూడు ముక్కలు'. ఎదురుగా అనరు, కానీ పేరనేది పెట్టినవాళ్ళ దగ్గర ఆగదుగా. నాలుగో వాక్యం కోసం అతను చాలాసార్లు లోపల వెతికాడు. దొరకలేదు. దొరకనిది మాట మాత్రమేనా, లేక మాటకు వెనక ఉండవలసిందా అన్న సందేహం మొదలై కూడా చాలాకాలమే అయింది.

శుక్రవారం వెలుతురు బాగుంది. బైండరు కిటికీ పక్కకు బల్ల జరిపి, నాలుగు పుస్తకాలూ వరసగా పరిచి, పని మొదలుపెట్టాడు.

అలవాటు ఎంత బలమైనదంటే, గంటసేపట్లో అతనికి అసూయ కూడా గుర్తులేదు. పంతులమ్మ పుస్తకంలో అంచుల వెంట చిన్న చిన్న టిక్కులు. ఏడాదికి ఇన్ని పుటలని లెక్క వేసుకుని, నోటుపుస్తకాలు దిద్దినట్టే దిద్దుకుంటూ వెళ్ళింది ఆవిడ. మందుల షాపాయన పుస్తకం వీపు విరిగింది గాని, అది చదివి విరిగింది కాదు. పుస్తకం మీద ఏదో బరువు ఏళ్ళ తరబడి కూర్చుంది. ఆయమ్మ పుస్తకం దగ్గర అతను చాలాసేపు ఆగిపోయాడు. పుట పుటలోనూ ప్రతి పంక్తి కింద సన్నని బూడిదరంగు చార ఉంది. పెన్సిలు గీత కాదు. వేలు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చూపుడువేలు ఆనించి నడిపిన దారి. మొదటి పుట నుంచి అది దాదాపు సగం పుస్తకం దాకా వచ్చి, ఒక పంక్తి మధ్యలో ఆగింది. అంతవరకు వచ్చిందన్నమాట ఇంకా.

తరువాత నాలుగోది తీశాడు.

కీర్తనల దగ్గర దానంతటదే తెరుచుకుంది. ఆ భాగమంతా నల్లబడి, మెత్తబడి, నీలం ఎరుపు గీతలతో నిండి ఉంది. ఒక పుట అడ్డంగా చిరిగి వేలాడుతోంది. బైండరు ముందుకు తిప్పాడు. ప్రవక్తల గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. పుటల అంచున అచ్చుకూటం వాళ్ళు పూసిన బంగారు పూత చెక్కుచెదరలేదు. రెండేసి, మూడేసి పుటలు ఆ పూతతోనే ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పుస్తకం పుట్టాక ఎవరూ వాటిని విడదీయలేదు.

బైండరు పుస్తకం మూసి, మూలలు చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. చదివి అరిగిన పుస్తకంలో కుడిచేతి కింది మూల ముందు అరుగుతుంది. పై మూలలు ఆ తరువాత. వీపు వైపువి అన్నిటికన్నా ఆఖరున. దీంట్లో అన్నీ సమానంగా, పనివాడు కొలిచి రుద్దినట్టు గుండ్రంగా ఉన్నాయి. అట్ట మీద సన్నని గీరలు కూడా ఉన్నాయి.

అప్పుడతనికి ఉప్పుకాగితం గుర్తొచ్చింది. పుస్తకం అంచులు నున్న చేయడానికి వాడే ఆ గరుకు కాగితం అతని గూట్లో ఎప్పుడూ ఉంటుంది. నెల కిందట తోడల్లుడు వచ్చి, "అన్నయ్యా, మా వీధితలుపు పట్టేస్తోంది, అంచు రుద్దుకుంటా," అని రెండు ముక్కలు పట్టుకెళ్ళాడు. తలుపుకు ఒకటి చాలు. రెండెందుకు?

బైండరు భూతద్దం పక్కన పెట్టి కుర్చీకి జారగిలబడ్డాడు. ఏళ్ళ తరబడి నెత్తిన మోస్తున్న మూట ఎవరో దించినట్టయింది. ఆనాటి మధ్యాహ్నం అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. చేయి కడుక్కుంటూ ఆరాధన పాట ఒకటి కూనిరాగం తీశాడు.

"ఏమిటండీ ఈ హుషారు?" అంది భార్య. "ఎవరిదైనా పెళ్ళా?"

అతను చెప్పలేదు. భోజనమయ్యాక ఒక మంచి అట్టముక్క కత్తిరించుకుని, ఆదివారం చదవవలసింది రాశాడు. 'నాలుగో పుస్తకాన్ని పరిశీలన నుంచి తప్పించడమైనది. దాని మూలలు అరిగినవి కావు, అరగదీసినవి.' ఆ రెండో వాక్యం అతనికి చాలా నచ్చింది. రెండుసార్లు మెల్లగా పైకి చదువుకున్నాడు. వాకిట్లో నిలబడి భార్య విన్నది.

"ఎవరి సంగతి అది?"

ఇక చెప్పక తప్పలేదు. అంతా విని, ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకోవడానికి చేతులు తడిగా లేవు.

"అతను రుద్దడం మీరు చూశారా?"

"చూడాలా? మూలలే చెబుతున్నాయి."

"మూలలు అరిగాయని చెబుతున్నాయి. ఎవరు అరగదీశారో కూడా చెబుతున్నాయా?"

"ఉప్పుకాగితం పట్టుకెళ్ళింది తలుపుకట! ఆ తలుపు ఇవాళ్టికీ పట్టేస్తూనే ఉంటుంది, పందెం."

"పందెమెందుకు? రేపు వెళ్ళి చూసి రండి," అంది ఆమె. "తలుపు ఎక్కడికీ పారిపోదుగా. మా చెల్లెలి కాపురం పదిమందిలో పెట్టేముందు ఒకసారి దాని గుమ్మం తొక్కి రావడంలో తప్పేం లేదు."

శనివారం మూడుగంటల ప్రాంతంలో బైండరు ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరాడు. అట్టముక్క జేబులో ఉంది. నడుస్తుంటే దాని అంచు గుండె మీద గుచ్చుకుంటోంది.

తోడల్లుడి ఇంటి తలుపు అతనికి పాత పరిచయం. వానకు ఉబ్బిన తలుపు. గడియ లేకపోయినా భుజం పెట్టి నెడితే గాని రాదు. "ఎవరో వచ్చారు" అని లోపలివాళ్ళు తెలుసుకునేది ఆ నెట్టుడు చప్పుడుతోనే. బైండరు అరుగెక్కి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే ఎడమ భుజం ఆనించి బలంగా ఒక్క నెట్టు నెట్టాడు.

తలుపు గాలికి తెర లేచినట్టు తెరుచుకుంది. బైండరు పుస్తకంతో సహా మూడడుగులు లోపలికి పరుగెత్తి, బల్ల అంచు పట్టుకుని ఆగాడు.

"అయ్యో బావగారూ!" మరదలు కూరలు తరుగుతున్న పీట వదిలేసి వచ్చింది. నవ్వు ఆపుకోవడం ఆమెవల్ల కాలేదు. "తలుపు బాగైంది బావగారూ, రెండు వారాలైంది! ఇక మీ భుజబలం అక్కర్లేదు."

లోపలి గదిలోంచి డ్రైవరు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. పొద్దుటి డ్యూటీ దిగి స్నానం చేసినట్టున్నాడు. "అన్నయ్యా, రన్నింగులో బస్సెక్కినట్టు ఎక్కారే లోపలికి! కూర్చోండి, కూర్చోండి. టీ పెట్టవే."

బైండరు కూర్చోలేదు. వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వెళ్ళాడు. అంచు మీద పైనుంచి కిందికి వేలు నడిపాడు. నున్నగా, ఒక్క మిట్ట లేకుండా ఉంది. చెక్క పని తెలియనివాడు ఓపికతో చేసిన పని. పక్కన కిటికీ గట్టు మీద రెండు ఉప్పుకాగితం ముక్కలున్నాయి. ఒకటి తీసి తిరగేశాడు. గరుకులో ఆకుపచ్చ రంగుపొడి దట్టంగా కూరుకుపోయింది. రెండోది చూశాడు, అందులోనూ ఆకుపచ్చే. కాగితపు నూగు గాని, బంగారు పూత రవ్వ గాని ఒక్కటైనా లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పాత పెయింటు వాసన.

"రెండోది వంటగది తలుపుకు వాడేశానన్నయ్యా," అన్నాడు డ్రైవరు, తిరిగి అడగడానికి వచ్చాడేమోనన్న మొహమాటంతో. "కొత్తవి కొనిస్తాను."

"వద్దు," అన్నాడు బైండరు. గుడ్డ విప్పి పుస్తకం బల్ల మీద పెట్టాడు. "దీన్ని ఎక్కడ పెడతావు నువ్వు?"

పుస్తకం చూడగానే డ్రైవరు ముఖం విప్పారింది. రెండు చేతులతో తీసుకుని, బొటనవేలు ఆనించాడు; అది కీర్తనల దగ్గర తెరుచుకుంది. ఒక్క క్షణం అలా చూసి మూశాడు. "తెచ్చేశారా! మూడు రోజుల్నించి చెయ్యి తెగినట్టుంది. ఎక్కడేమిటి, పెట్టెలోనే."

మంచం కింది నుంచి రేకుపెట్టె లాగాడు. డ్యూటీకి తీసుకెళ్ళే పెట్టె: రెండు రెంచీలు, టార్చిలైటు, మసిగుడ్డ, నీళ్ళ సీసా. "సీటు పక్కనే, ఇంజను మీద పెడతాను. రోజంతా గడగడలాడుతూనే ఉంటుంది."

బైండరు మోకాళ్ళ మీద కూర్చుని, రెంచీలు బైటపెట్టి, పెట్టె అడుగు మూలల్లో వేలు పెట్టి తీశాడు. నల్లటి నూగు వచ్చింది. కిటికీ వైపు తిప్పి చూశాడు. నూగులో సన్నని బంగారు రవ్వలు మెరిశాయి. నాలుగు మూలల్లోనూ. పుస్తకం పెట్టెకు సరిగ్గా సరిపోతుంది. ఇంజను వణికినంతసేపూ రేకు దాని మూలల్ని సమానంగా, కొలిచినట్టు, రుద్దుతూనే ఉంటుంది. నలభయ్యేళ్ళు పుస్తకాలు చూసిన కన్ను బస్సును లెక్కలోకి తీసుకోలేదు.

"ప్రవక్తల గ్రంథాలు విప్పనేలేదు నువ్వు," అన్నాడు, తల ఎత్తకుండా. అది నిందా, ప్రశ్నా, ఆఖరి ప్రయత్నమా అతనికే తెలియదు.

"అవునన్నయ్యా," డ్రైవరు తల గోక్కున్నాడు. "ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఏడు నిమిషాలు. టీ తాగితే అయిదు. ఆ అయిదు నిమిషాల్లో అయ్యేది కీర్తనే. ఒకసారి ఏదో పెద్దది మొదలుపెట్టాను. అందులో దేవుడి కోపం ఇంకా చల్లారకముందే కండక్టరు విజిలేశాడు. బస్సంతా ఆ కోపంతోనే నడిపానంటే నమ్మండి. అప్పట్నించి వాటి జోలికి పోలా."

మరదలు టీ తెస్తూ నవ్వింది. "ఇంటికొచ్చి చదవొచ్చుగా అంటాను. పుస్తకం తెరవగానే గురక."

బైండరు పెట్టె మూత మూయబోయాడు. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. చెమట చేతులు తగిలి పసుపెక్కింది. బాల్‌పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలతో మూడు పంక్తులు.

తండ్రీ, ఈ రోజు ఇచ్చావు. చేతిలో ఉన్న పని చెడకుండా చూడు. మావాళ్ళందరినీ ఇల్లు చేర్చు.

అతను రెండోసారి చదివాడు. "ఇది..."

"మీదే," అన్నాడు డ్రైవరు, ఎవరి గొడుగో ఎరువు తెచ్చుకున్నట్టు. "ఇంజను స్టార్టు చేసేముందు రోజూ అదే అనుకుంటాను. నా ప్రార్థన మొదలుపెడితే బస్సు లేటవుతుంది. మీది సరిగ్గా తాళం తిప్పేలోగా అయిపోతుంది. అదీగాక ఆ మూడోది చూడండి! వెనక అరవైమంది కూర్చుని ఉంటే ఇంకేం అడుగుతాం?"

"మరి ఆదివారం?"

"ఆదివారం సంగతి వేరన్నయ్యా." డ్రైవరు కాస్త సిగ్గుపడ్డాడు. "నా తలమీద బోర్డుంటుందిగా, 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని. ఆరు రోజులు నోరు మూసుకుని ముందుకే చూస్తుంటాను. అద్దంలో ఏవేవో మొహాలు కనిపిస్తాయి. ఎవరికీ ఏమీ చెప్పకూడదు, ఎవరూ నాకు చెప్పరు. ఆదివారం నోరు తెరిస్తే అంతా బైటికొచ్చేస్తుంది. మీ అందరికీ విసుగని తెలుసు. ఆపడం చేతకాదు."

టీ చల్లారుతోంది. బైండరు జేబులోంచి అట్టముక్క తీసి, అక్షరాలు లోపలికి వచ్చేలా మడిచి, మళ్ళీ మడిచాడు. మందమైన అట్ట, మూడో మడతకు విరిగింది.

"నీ పుస్తకం మూలలు ఉప్పుకాగితంతో రుద్దావనుకున్నాను," అన్నాడు. "రేపు అందరి ముందూ ఆ మాటే చెబుదామనుకున్నాను. రాసిపెట్టుకున్నాను కూడా."

మళ్ళీ పీట ముందు కూర్చున్న మరదలు కూర తరగడం ఆపింది.

డ్రైవరుకు వెంటనే అర్థం కాలేదు. "రుద్దితే ఏమొస్తుందన్నయ్యా?" అని అడిగాడు. అడిగాక అర్థమైంది. ముఖంలో రంగు మారింది. పుస్తకాన్ని ఒళ్ళోకి జరుపుకుని, అరిగిన మూలను బొటనవేలితో నిమిరాడు.

"అలా అనుకున్నారా," అన్నాడు మెల్లగా.

"అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా."

ఆ రెండో మాట చెప్పడం మొదటిదానికన్నా కష్టమైంది.

"సరే," అన్నాడు డ్రైవరు. "మీరొచ్చి చెప్పారు. చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు." టీ గ్లాసు అతని వైపు జరిపాడు. "తాగండి. చల్లారితే మళ్ళీ కాయమంటే నన్ను తిడుతుంది."

మరదలి నవ్వు మాత్రం ఆ సాయంత్రం మళ్ళీ రాలేదు. బైండరు గ్లాసు ఖాళీ చేశాక డ్రైవరు సంకోచిస్తూ అడిగాడు: "అయితే రేపు దీన్ని అద్దంలో పెట్టరుగా? అయ్యగారు గుమ్మంలో నిలబడి సంచీ చాపారు, కాదనలేక ఇచ్చాను. కొత్తదిస్తారట, కొత్తదాంట్లో నా చోట్లు నాకు దొరకవన్నయ్యా."

"రేపటిదాకా నా దగ్గర ఉండనీ," అన్నాడు బైండరు. "ఒక పుట చిరిగింది." లేచేముందు పెట్టె అడుగు పొడవూ వెడల్పూ జానతో కొలిచాడు.

ఇంకా వెలుగుండగానే ఇంటికొచ్చి తన బల్ల ముందు కూర్చున్నాడు. చిరిగిన పుట కింద నున్నటి పలక పెట్టి, చిరుగు అంచులకు పలచటి పిండిజిగురు కుంచెకొసతో తాకించాడు. చిరుగు పంక్తుల మధ్యగా వంకరటింకరగా పోయింది. కొన్ని అక్షరాలు పైముక్కలో సగం, కిందిముక్కలో సగం. అవి కలవాలంటే చదువుతూ కలపాలి. ఒక్కొక్క మాటా పైకి అంటూ, తలకట్టును అక్షరానికీ అక్షరాన్ని ఒత్తుకీ చేరుస్తూ, పైన సన్నకాగితం అంటించాడు. ఒక పుటకు ముప్పావుగంట పట్టింది. భార్య వచ్చి దీపం వేసి, ఏమైందని అడగకుండా పక్కన కూర్చుంది. తరువాత అతను బైండింగు గుడ్డల్లోంచి మెత్తటి మందపాటి ముక్క ఒకటి ఎంచి, జాన కొలతకు కత్తిరించాడు.

ఆదివారం ఆరాధన ముగిసే వేళకు నాలుగు పుస్తకాలూ ముందు బల్ల మీద ఉన్నాయి. పక్కనే రంగుకాగితంలో చుట్టిన కొత్త ప్రతి. గోడ మీద అద్దాల పెట్టె తలుపు తెరిచే ఉంది. పాస్టరు గారు పిలిచారు. బైండరు లేచి ముందుకు వెళ్ళాడు. వెనక వరసలో ఎవరో "మూడు ముక్కలే" అని గుసగుసలాడారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

అతను పుస్తకాల వంక చూసి, జనం వంక చూశాడు.

"నాలుగూ చూశాను," అన్నాడు. "ఒకదాన్ని చూసి మనిషి మీద తప్పుడు నింద వేయబోయాను, కాబట్టి ఎవరు ఎంత చదివారో చెప్పే పని నాకు చేతకాదు. కుట్లు వదులైనవి బిగించాను, ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళండి."

ఎవరి పుస్తకాన్ని వారి చేతికిచ్చాడు. డ్రైవరుకు పుస్తకంతో పాటు మడతపెట్టిన గుడ్డముక్క ఇచ్చి, "పెట్టె అడుగున పరుచుకో," అన్నాడు. డ్రైవరు దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, తల ఊపాడు. అతని పక్కన కూర్చున్న మరదలు బైండరు ముఖం వంక ఒకసారి చూసి, కొద్దిగా జరిగి, అక్కకు పక్కన చోటిచ్చింది.

పాస్టరు గారు తెల్లబోయి నిలబడ్డారు. కోపమూ, మొహమాటమూ ఏది ముందు రావాలో తేల్చుకోలేక ఆగిపోయాయి. "మరి... ఈ అద్దాల పెట్టె?"

"అందులో నా కళ్ళజోడు పెట్టించండయ్యా," అంది మూడో వరసలోంచి ఆయమ్మ. "ప్రతి ఆదివారం ఎక్కడో మర్చిపోతున్నాను. అద్దంలో ఉంటే కనబడుతుంది."

నవ్వులు లేచాయి. ఆఖరికి పాస్టరు గారూ నవ్వారు. మనిషి మంచివాడు, అప్పటికే ఆయన కళ్ళలో మరో ఆలోచన పుడుతోంది. చేయెత్తి అందరినీ ఊరుకోబెట్టి, ముగింపు ప్రార్థన చేయమని డ్రైవరుకు సైగ చేశారు.

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. చేతులు చాచాడు. గొంతు వణికింది.

బైండరు కూడా కళ్ళు మూసుకున్నాడు. పాత బజారు దగ్గర ఎక్కే ముసలాయన వారంగా కనిపించలేదు తండ్రీ, అంటున్నాడు డ్రైవరు. రోజూ ముందు సీటులో కూర్చుని పరీక్షకు చదువుకునే పిల్ల నిన్న ఏడుస్తూ దిగింది, ఎందుకో అడగలేకపోయాను. మంగళవారం బ్రేకు పట్టలేదు, తరువాత పట్టింది. ఆ మధ్యలో ఉన్నది నువ్వే. కొత్తగా చేరిన కండక్టరుకు కోపమెక్కువ, ఇంట్లో ఏదో కష్టం ఉండి ఉంటుంది. మాటలు ఒకదాని వెనక ఒకటి, స్టాపు స్టాపునా ఆగుతూ, ఎవరినో ఎక్కించుకుంటూ వస్తున్నాయి. పదకొండేళ్ళుగా అతను ఈ ప్రార్థనను కొలిచాడు. విన్నది ఇవాళే. ఆమేన్ అన్నప్పుడు అతని నోరూ అందరితో పాటు అన్నది. ఆలస్యంగా, ఒక్క క్షణం వెనకగా.

ఇంటిదారిలో ఎండ బాగా ఉంది. భార్య నీడ వైపు నడుస్తోంది. సందు తిరిగాక అలవాటుగా అడిగింది.

"ఇవాళ ఎన్ని?"

బైండరు మణికట్టు వంక చూసుకున్నాడు. గడియారం ఉంది. పొద్దున కీ ఇచ్చే కట్టుకున్నాడు, నడుస్తూనే ఉంది.

"చూడలేదు," అన్నాడు.

ఆమె నడక ఆపి అతని ముఖంలోకి చూసింది. అతను ఆగలేదు. "ఆ పిల్ల ఎందుకు ఏడ్చిందో," అన్నాడు ముందుకు నడుస్తూనే. "పరీక్ష పోయిందేమో."